కంట్లో కొత్త రక్తనాళాలు: చికిత్సపై తరచుగా అడిగే ప్రశ్నలు

రెటీనా డాక్టరు గదిలోంచి బయటికి వచ్చాక చాలామందికి గుర్తుండేవి రెండే ముక్కలు: "రక్తనాళాలు పెరిగాయి", "కంట్లో ఇంజక్షన్ వేయాలి". మిగతాదంతా టెన్షన్‌లో చెవికెక్కదు. ఆ మిగతాదే ఈ పేజీ. పేషెంట్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఎలా అడుగుతారో అలాగే ప్రశ్నలు పెట్టాను. మీ కంటిని స్వయంగా చూసిన డాక్టరు చెప్పింది ఇక్కడున్నదానికి తేడాగా ఉంటే ఆ డాక్టరు మాటే వినండి. జబ్బు పేరు ఒకటే అయినా ఇద్దరి కళ్లు ఒకేలా ఉండవు.

కొత్త రక్తనాళాలు వస్తే మంచిదే కదా? రక్తం ఇంకా బాగా అందుతుంది కదా?

వినడానికి అలాగే ఉంటుంది. కానీ ఇవి పనికొచ్చే నాళాలు కావు. మామూలు రక్తనాళం గోడ గట్టిగా ఉండి లోపలి ద్రవాన్ని బయటికి పోనివ్వదు. ఈ కొత్తవాటి గోడలు పలచన. వాటిలోంచి నీరు ఊరుతుంది, కొవ్వు పదార్థం ఊరుతుంది, ఒక్కోసారి చిట్లి రక్తం కారుతుంది. కొన్నాళ్లకు వాటి చుట్టూ మచ్చ కట్టి, అది రెటీనాను, అంటే కంటి వెనక వెలుతురును పట్టే పొరను, పట్టి లాగుతుంది. చూపు దెబ్బతినేది ఈ నీరు, రక్తం, మచ్చల వల్లే.

రెటీనాలో ఏదో ఒక భాగానికి రక్తం చాలక ఆక్సిజన్ అందనప్పుడు అక్కడి కణాలు వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వదులుతాయి. 'ఇక్కడ నాళాలు కావాలి' అని అవి పంపే కబురు అది. ఇలాంటి పదార్థం ఒకటి ఉండి తీరాలని 1948లోనే ఐజాక్ మైకేల్సన్ అనే నేత్రవైద్యుడు ఊహించాడు. అదేమిటో ఎవరికీ తెలియదు కాబట్టి చాలాకాలం 'ఫ్యాక్టర్ ఎక్స్' అనే పిలిచారు. 1989లో నెపోలియోన్ ఫెరారా బృందం వీఈజీఎఫ్‌ను వేరు చేసింది. 1994లో, షుగరుతో రెటీనా దెబ్బతిని కొత్త నాళాలు పుట్టినవాళ్ల కంటి ద్రవంలో అది బాగా ఎక్కువగా ఉందని తేలింది. ఇవాళ మీకు వేసే ఇంజక్షన్ పని ఆ ప్రోటీన్‌ను పట్టి కట్టేయడమే.

ఇది ఒకే జబ్బా? డాక్టరు ఒక పేరు చెప్పారు, ఇంటర్నెట్‌లో ఇంకోటి ఉంది.

ఒకే జబ్బు కాదు, చాలా జబ్బులు చివరికి వచ్చి చేరే ఒకే స్థితి. నాళాలు ఎక్కడ పుట్టాయన్నదాన్ని బట్టి పేరు, తొందర, చికిత్స అన్నీ మారిపోతాయి.

రెటీనా కింద పుట్టేవి ఒక రకం. మాక్యులా అంటే రెటీనా నడిమి భాగం. వయసుతో వచ్చే మాక్యులా క్షీణతలో, అంటే ఏఎండీలో, తడి రకం ఇదే. వయసు మీద పడ్డకొద్దీ రెటీనా కింది పొరలు పాడై, వెనకనున్న కోరాయిడ్ అనే రక్తనాళాల పొర నుంచి నాళాలు పైకి తోసుకొస్తాయి. మైనస్ పవరు బాగా ఎక్కువ ఉన్న కళ్లలో ఇది చిన్న వయసులోనే రావచ్చు. రెటీనా మీద పుట్టేవి రెండో రకం. షుగరు ముదిరినప్పుడు, రెటీనా సిర మూసుకుపోయినప్పుడు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో కనిపించేవి ఇవి. ఐరిస్ మీద, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర మీద పుట్టేవి మూడోవి. వీటికి అందరికంటే తొందర ఎక్కువ. నల్లగుడ్డు పైన అద్దంలా ఉండే కార్నియాలోకి పాకేవి నాలుగోవి.

నాకు నొప్పి లేదు. చూపు బాగానే ఉంది. మరి చికిత్స ఎందుకు?

షుగరున్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే, అన్నిటికంటే ప్రమాదకరమైన ప్రశ్న కూడా ఇదే. రెటీనాకు నొప్పి తెలియదు. కొత్త నాళాలు రెటీనా అంచుల్లో ఎన్ని పుట్టినా, అవి చిట్లేదాకా మీరు అక్షరాల బోర్డులో చివరి వరస దాకా చదివేయగలరు. ఆ తర్వాత ఒక పొద్దున లేచేసరికి కంటి ముందు నల్లటి దారాలు, సాలెగూడులాంటి మసక కనిపిస్తాయి. చికిత్స సులువుగా అయిపోయే సమయం అప్పటికే దాటిపోయి ఉంటుంది.

అందుకే షుగరున్నవాళ్లు చూపు ఎంత బాగున్నా ఏడాదికోసారి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. రెటీనా దెబ్బతినడం మొదలైందని తేలితే ఇంకా తరచుగా. కళ్లజోడు షాపులో పవరు చూపించుకోవడం ఈ పరీక్ష కిందికి రాదు.

మాక్యులా కింద పుడితే ఎలా తెలుస్తుంది?

ఇక్కడ మాత్రం కన్ను ముందే చెబుతుంది, మనం గమనిస్తే. నిటారుగా ఉండాల్సిన గీతలు వంకరగా కనిపిస్తాయి: తలుపు అంచు, కిటికీ ఊచలు, పుస్తకంలో వరసలు. చదువుతుంటే మధ్యలో ఒకటి రెండు అక్షరాలు మాయమవుతాయి. ఎదుటివాళ్ల ముఖంలో చెవులు, జుట్టు కనిపిస్తాయి కానీ ముక్కు దగ్గర మరక పడ్డట్టు ఉంటుంది.

చిక్కేమిటంటే రెండు కళ్లూ తెరిచి ఉన్నప్పుడు బాగున్న కన్ను రెండో కంటి లోపాన్ని కప్పేస్తుంది. అందుకని ఒక్కో కన్నూ మూసి చూసుకోవాలి. ఇంట్లో చూసుకోవడానికి ఆమ్స్‌లర్ గ్రిడ్ అనే గళ్ల కాగితం ఇస్తారు. చదివే కళ్లజోడు పెట్టుకుని, కాగితాన్ని చదివే దూరంలో పట్టుకుని, ఒక కన్ను అరచేత్తో మూసి, నడిమి చుక్కనే చూడండి. చూపు చుక్క మీదే ఉండాలి, గళ్ల వెంట పరిగెత్తకూడదు. చుక్క చుట్టూ గీతలు వంగినా, అలలు తిరిగినా, గళ్లు చెరిగిపోయినట్టున్నా ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి. వచ్చే నెల చెకప్ ఉంది కదా అని ఆగొద్దు.

పరీక్షలు ఇన్నెందుకు? ఒకటి సరిపోదా?

ఒక్కోటీ ఒక్కో సంగతి చెబుతుంది. ఓసీటీ అనేది కాంతితో తీసే స్కాన్. సూదీ ఉండదు, నొప్పీ ఉండదు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. రెటీనా పొరలన్నీ అడ్డంగా కోసినట్టు కనిపిస్తాయి. నీరు చేరినచోట నల్లటి ఖాళీలు ఉంటాయి. స్క్రీన్ మీద ఆ నల్లమచ్చలు చూపించమని డాక్టరును అడగండి. వచ్చే నెల స్కాన్ పక్కన పెట్టి చూస్తే ఇంజక్షన్ పనిచేసిందో లేదో మీకే తెలిసిపోతుంది.

ఎఫ్ఎఫ్ఏలో చేతి నరంలోకి ఫ్లోరసిన్ అనే పసుపు రంగు ఎక్కించి వరసగా ఫోటోలు తీస్తారు. నాళాలు ఎక్కడ కారుతున్నాయో, ఎక్కడికి రక్తం అసలు వెళ్లడం లేదో దీనిలో తెలుస్తుంది. కొందరికి కాసేపు వికారంగా ఉంటుంది. ఒంటి రంగు, మూత్రం ఒకరోజు పాటు పసుపుగా ఉంటాయి, కామెర్లని కంగారు పడకండి. ఇదివరకు ఈ రంగుకు ఎలర్జీ వచ్చి ఉంటే ముందే చెప్పాలి. రంగు ఎక్కించకుండా నాళాలను చూపించే ఓసీటీ యాంజియో ఇప్పుడు వచ్చింది. బాగా ఉపయోగపడుతుంది కానీ, నాళం ఉందని చూపిస్తుందే తప్ప కారుతోందో లేదో చెప్పదు.

కంట్లోకి సూదా? తలుచుకుంటేనే చెమటలు పడుతున్నాయి. అసలు ఎలా వేస్తారు?

భయపడని వాళ్లంటూ ఉండరు. ఏం జరుగుతుందో వరసగా చెబితే కొంత తేలికపడుతుందని నా నమ్మకం.

ముందు మత్తు చుక్కలు వేస్తారు, ఒకటికి రెండుసార్లు. తర్వాత పోవిడోన్ అయోడిన్ అనే గోధుమరంగు ద్రవంతో రెప్పలు, వెంట్రుకలు తుడిచి, కంట్లో కూడా వేస్తారు. ఇన్ఫెక్షన్ రాకుండా కాపాడేది ముఖ్యంగా ఇదే. మర్నాటి మంటకు కారణం కూడా చాలావరకు ఇదే. ముఖం మీద శుభ్రమైన గుడ్డ కప్పి, రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్పు పెడతారు. చాలామందికి సూది కంటే ఆ క్లిప్పే ఎక్కువ ఇబ్బంది. "పైకి చూడండి" అనో "కిందికి చూడండి" అనో అంటారు. నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర, నాలుగు మిల్లీమీటర్లు కొలిచి, తెల్లగుడ్డులోంచి సన్నటి సూది దించుతారు. ఆ చోటునే ఎందుకంటే అక్కడ లెన్సూ తగలదు, రెటీనా కూడా తగలదు. లోపలికి వెళ్లే మందు సాధారణంగా 0.05 మిల్లీలీటరు, అంటే ఒక్క చుక్క. ఒత్తినట్టు అనిపిస్తుంది, కొన్ని సెకన్లలో సూది బయటికి వచ్చేస్తుంది. సూది కళ్ల ముందుకు రావడం మీకు కనిపించదు, పక్క నుంచి వస్తుంది.

ఆ తర్వాత వేళ్లు చూపించి లెక్కపెట్టమంటారు. లోపలి ఒత్తిడి ఉన్నట్టుండి పెరిగిందేమో చూసుకోవడానికి. దగ్గు, జలుబు ఉన్నా, కంట్లో పుసులు కడుతున్నా బల్ల ఎక్కకముందే చెప్పండి.

ఏ మందు మంచిది? ఇన్ని పేర్లున్నాయేమిటి?

ఈ కథ కొంచెం పొడుగే. 2004 చివర్లో పెగాప్టానిబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. కంటిలో వీఈజీఎఫ్‌ను అడ్డుకునేవాటిలో మొదటిది అదే. ఇప్పుడు దాన్ని ఎవరూ వాడటం లేదు. 2006లో రానిబిజుమాబ్ వచ్చింది, ఆట మొత్తం మారిపోయింది. దానికి కాస్త ముందే 2005లో ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ అనే డాక్టరు, పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే బెవాసిజుమాబ్‌ను కంట్లో వేసి చూశాడు. రెండూ ఒకే యాంటీబాడీ వంశంలోవే, వీఈజీఎఫ్‌నే పట్టుకుంటాయి. ధరలో మాత్రం పొంతన లేదు. 2011లో వెలువడిన క్యాట్ అధ్యయనంలో, ఏఎండీ ఉన్నవాళ్లలో ఈ రెండింటినీ ఒకే పద్ధతిలో వేసినప్పుడు చూపు విషయంలో దాదాపు ఒకే ఫలితం వచ్చింది. ఆ ఏడాదే అఫ్లిబెర్సెప్ట్, 2019లో బ్రోలుసిజుమాబ్, 2022లో ఫారిసిమాబ్ అనుమతి పొందాయి. ఫారిసిమాబ్ వీఈజీఎఫ్‌తో పాటు యాంజియోపొయెటిన్-2 అనే మరో ప్రోటీన్‌ను కూడా అడ్డుకుంటుంది.

బెవాసిజుమాబ్‌ను కంటికి 'ఆఫ్ లేబుల్'గా, అంటే అనుమతి వేరే జబ్బుకు ఉన్న మందుగా, వాడతారు. క్యాన్సర్ సీసాలోంచి చిన్న సిరంజిల్లోకి విడదీయాలి కాబట్టి, ఆ విడదీసే చోట శుభ్రత మీద అంతా ఆధారపడి ఉంటుంది. మందు ఎక్కడ నుంచి వస్తుందని అడగడంలో తప్పేమీ లేదు. బ్రోలుసిజుమాబ్‌తో కొందరికి కంటి లోపల వాపు, రెటీనా నాళాల్లో వాపు వచ్చిన కేసులు బయటపడ్డాక డాక్టర్లు దాన్ని ఆచితూచి వాడుతున్నారు.

నన్నడిగితే, మీరు క్రమం తప్పకుండా వేయించుకోగల మందే మీకు మంచి మందు. ఖరీదైనది రెండుసార్లు వేయించుకుని ఆగిపోవడం కంటే తక్కువ ధరది వేళకు వేయించుకోవడం మేలు. షుగరు వల్ల మాక్యులాలో నీరు చేరి చూపు బాగా తగ్గినప్పుడు మాత్రం మందు ఎంపిక నిజంగానే తేడా చేస్తుంది, అప్పుడు డాక్టరుతో కూర్చుని మాట్లాడండి.

ఎన్ని ఇంజక్షన్లు? ఇంక జీవితాంతమా?

ఏఎండీలో మామూలుగా నెలకొకటి చొప్పున మూడు వేసి మొదలుపెడతారు. తర్వాత చాలామంది డాక్టర్లు అనుసరించే పద్ధతి, రెటీనాలో నీరు లేకపోతే గడువును రెండేసి వారాలు పెంచుకుంటూ పోవడం, మళ్లీ నీరు కనిపిస్తే తగ్గించడం. అలా ఎవరి కంటికి ఎన్ని వారాలు సరిపోతాయో తేలుతుంది. కొందరికి ఆరు, కొందరికి పన్నెండు, అదృష్టముంటే పదహారు.

ఇలా ఎందుకంటే మందు నాళాన్ని చంపదు, దాని నోరు కట్టేస్తుంది. మందు కొన్ని వారాల్లో కంట్లోంచి వెళ్లిపోతుంది, వీఈజీఎఫ్ ఊరుతూనే ఉంటుంది. గోడ పగుల్లో మొలిచిన రావిమొక్కను పైపైన తుంచినట్టే, వేరు లోపలే ఉంటుంది. కాబట్టి 'మూడు వేయించుకున్నాను, కోర్సు అయిపోయింది' అనుకోవద్దు. ఆ మూడూ మొదలు మాత్రమే.

జబ్బును బట్టి లెక్క మారుతుంది. మైనస్ పవరు ఎక్కువున్న కళ్లలో పుట్టే నాళాలు చాలాసార్లు ఒకటి రెండు ఇంజక్షన్లకే అణిగిపోతాయి. షుగరు వల్ల చేరే నీటికి మొదటి ఏడాది ఎక్కువ వేయాల్సి వచ్చినా తర్వాతి సంవత్సరాల్లో తగ్గుతూ వస్తాయి. ఏఎండీలో అలా తగ్గుతాయన్న భరోసా లేదు.

పోయిన చూపు తిరిగొస్తుందా?

కొంత. ఎంతన్నది, మొదలుపెట్టేసరికి మచ్చ ఎంత కట్టిందన్నదాన్ని బట్టి. రానిబిజుమాబ్ మీద జరిగిన మారినా అధ్యయనంలో, నెలనెలా ఇంజక్షన్ వేయించుకున్న ఏఎండీ పేషెంట్లలో ఏడాది తర్వాత దాదాపు 95 శాతం మందికి చూపు పెద్దగా తగ్గలేదు. ఉత్తుత్తి ఇంజక్షన్ వేసినవాళ్లలో అది 62 శాతం. అసలు మందు పూర్తి మోతాదులో పడినవాళ్లలో మూడో వంతు మందికి బోర్డు మీద మూడు వరసలు, అంతకంటే ఎక్కువే మెరుగైంది. అంతకుముందు ఏ చికిత్సతోనూ ఇలా జరగలేదు.

అయితే ఆ మాటనే తిప్పి చూడండి: మూడింట రెండు వంతుల మందికి అంత మెరుగు రాలేదు. ఉన్నది నిలబడితే అది గెలుపే. 'వేయించుకున్నా ఏమీ తేడా లేదు' అని ఆపేసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇది. ఆపితే ఏమవుతుందన్నది వాళ్లకు అప్పటికి కనిపించదు.

నాకు షుగరు. ఇంజక్షన్ మంచిదా, లేజర్ మంచిదా?

లేజర్‌ది పాత కథ. జర్మనీలో గెర్హార్డ్ మేయర్-ష్వికెరాట్ 1940ల చివర్లో మొదట సూర్యకాంతినే కంట్లోకి మళ్లించి రెటీనాను కాల్చాడు, తర్వాత జినాన్ దీపం, ఆ తర్వాత లేజర్ వచ్చాయి. 1976లో వెలువడిన డయాబెటిక్ రెటినోపతీ అధ్యయనం, కొత్త నాళాలు పుట్టిన కళ్లలో రెటీనా అంచులంతా లేజర్ చేస్తే చూపు తీవ్రంగా పోయే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని తేల్చింది. పీఆర్‌పీ అనేది ఇదే. ఆక్సిజన్ అందక కేకలు పెడుతున్న అంచు భాగాన్ని కొంత కాల్చేస్తే, వీఈజీఎఫ్ ఊరడం తగ్గుతుంది, నాళాలు ఎండిపోతాయి. పాత పద్ధతిలో ఒక కంటికి 1200 నుంచి 1600 చుక్కలు, రెండు మూడు దఫాలుగా కొడతారు.

2015లో వచ్చిన ప్రోటోకాల్ ఎస్ అధ్యయనం, రానిబిజుమాబ్ ఇంజక్షన్లు కూడా రెండేళ్లపాటు లేజర్‌కు తీసిపోవని చూపింది. పక్కచూపు తక్కువ దెబ్బతింది, మాక్యులాలో నీరు తక్కువ చేరింది. ఇది చదివి చాలామంది లేజర్ వద్దంటున్నారు.

ఇక్కడొక మెలిక ఉంది. లేజర్ ప్రభావం నిలిచి ఉంటుంది. ఇంజక్షన్ ప్రభావం వేసినన్నాళ్లే. ఏవో కారణాల వల్ల నెలల తరబడి ఆసుపత్రికి రాలేకపోయినవాళ్లను గమనిస్తే, లేజర్ చేయించుకున్నవాళ్ల కంటే ఇంజక్షన్ల మీదే ఉన్నవాళ్ల కళ్లు బాగా ఎక్కువ పాడై కనిపించాయి. కాబట్టి ప్రశ్న కంటి గురించే కాదు, మీ జీవితం గురించి కూడా. దూరం నుంచి రావాలా, తోడు వచ్చేవాళ్లున్నారా, డయాలసిస్ జరుగుతోందా, ఉద్యోగంలో సెలవు దొరుకుతుందా? ఈ సంగతులు దాచకుండా చెప్పండి. రావడం కష్టమని ముందే చెబితే డాక్టరు లేజర్‌ను చికిత్సలో తప్పకుండా కలుపుతారు. మాక్యులాలో నీరు కూడా ఉంటే రెండూ చేయడం మామూలే.

రెటీనా మీద ఇప్పటికే మచ్చ పట్టీలు గట్టిగా ఉన్న కంట్లో ఇంజక్షన్ వేస్తే, నాళాలు ఉన్నట్టుండి ముడుచుకుని ఆ పట్టీలు బిగుసుకోవచ్చు, రెటీనా లేచిపోవచ్చు. అలాంటి కంటికి డాక్టరు "ముందు ఆపరేషన్ గురించి ఆలోచిద్దాం" అంటే కారణం ఇదే.

లేజర్ నొప్పిగా ఉంటుందా?

కొందరికి గుచ్చినట్టు ఉంటుంది, ముఖ్యంగా అంచుల దగ్గర. రెండో దఫాలో ఇంకాస్త ఎక్కువ అనిపించవచ్చు. భరించలేకపోతే చెప్పండి, శక్తి తగ్గిస్తారు, మత్తు ఇస్తారు, లేదా ఇంకోరోజుకు వాయిదా వేస్తారు. తర్వాత చీకట్లో చూపు, పక్కచూపు కొంత తగ్గడం నిజమే. రాత్రిపూట బండి నడిపేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

పీడీటీ అంటున్నారు. అదేమిటి?

వెర్టెపోర్ఫిన్ అనే మందును చేతి నరంలోకి ఎక్కించి, నాళం ఉన్నచోట 83 సెకన్లు ప్రత్యేకమైన ఎర్ర కాంతి వేస్తారు. మందు అక్కడే చురుగ్గా మారి నాళాన్ని మూసేస్తుంది. 2000లో వచ్చినప్పుడు ఇదే పెద్ద ఆశ. ఇంజక్షన్లు వచ్చాక వెనకబడింది. ఇప్పుడు ముఖ్యంగా పాలిపాయిడల్ రకంలో, అంటే నాళాల చివర బుడగల్లా ఉబ్బే రకంలో, ఇంజక్షన్‌కు తోడుగా వాడతారు. తర్వాత కొన్ని రోజులు ఎండ తగలకూడదు, చర్మం కాలుతుంది. ఎన్ని రోజులో డాక్టరు చెప్పినట్టు ఖచ్చితంగా పాటించండి.

కంట్లో రక్తం కారి మొత్తం మసకైంది. వెంటనే ఆపరేషనా?

ప్రతిసారీ అక్కర్లేదు. ముందు రెటీనా లేచిపోయిందేమో అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. లేవకపోతే కొన్ని వారాలు ఆగవచ్చు, రక్తం దానంతటదే కిందికి దిగి కరుగుతుంది. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోమంటారు. కాస్త తేటపడగానే లేజర్ చేస్తారు. తేటపడకపోయినా, మళ్లీ మళ్లీ కారుతున్నా, మచ్చ రెటీనాను లాగుతున్నా విట్రెక్టమీ చేస్తారు. కంటి లోపలి జెల్‌ను, రక్తాన్ని సన్నటి పరికరాలతో తీసేసే ఆపరేషన్ ఇది. 1970ల మొదట్లో రాబర్ట్ మాకెమర్ దీనికి దారి వేశాడు. ఆపరేషన్ తర్వాత కంట్లో గ్యాస్ నింపితే అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు. పైకి వెళ్లేకొద్దీ గ్యాస్ వ్యాకోచించి కంటి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

గుండె జబ్బుకు రక్తం పలచనయ్యే మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపేయకండి.

ఐరిస్ మీద నాళాలు వచ్చాయన్నారు. దీనికి తొందరెందుకు?

ఐరిస్, కార్నియా కలిసే మూలలో కంటి ద్రవం బయటికి పోయే దారి ఉంటుంది. ఈ నాళాలు, వాటితో వచ్చే మచ్చ ఆ దారిని మూసేస్తే ఒత్తిడి అమాంతం పెరిగి గ్లకోమా వస్తుంది. కన్ను ఎర్రబడి, విపరీతమైన నొప్పి, వాంతులు. రెటీనా ప్రధాన సిర మూసుకుపోయినవాళ్లలో ఇది చాలాసార్లు మొదటి మూడు నెలల్లోనే వస్తుంది కాబట్టి ఆ సమయంలో తరచుగా రమ్మంటారు. ఇంజక్షన్‌తో నాళాలు రోజుల్లోనే ముడుచుకుంటాయి, ఆ వెసులుబాటులో లేజర్ పూర్తి చేయాలి. మూల పూర్తిగా మూసుకుపోతే ఒత్తిడికి చుక్కలు, ఆపరేషన్ తప్పవు.

కార్నియా మీదికి నాళాలు పాకుతున్నాయట. కాంటాక్ట్ లెన్సులు వాడతాను.

కారణం బహుశా మీరే చెప్పేశారు. లెన్సు గంటల తరబడి, ముఖ్యంగా నిద్రలో కూడా పెట్టుకుంటే కార్నియాకు గాలి ఆడదు. లెన్సులు మానేస్తే చాలావరకు నాళాలు ఖాళీ అయిపోతాయి. ఇన్ఫెక్షన్, రసాయనాలు పడి కాలడం, హెర్పిస్ లాంటివి కారణమైతే ముందు వాటికి వైద్యం. స్టెరాయిడ్ చుక్కలు పనిచేస్తాయి, కానీ డాక్టరు పర్యవేక్షణలోనే. సొంతంగా నెలల తరబడి వేసుకుంటే శుక్లం, గ్లకోమా కొని తెచ్చుకున్నట్టే.

మా బాబు నెలలు నిండకుండా పుట్టాడు. వాడికి కంటి పరీక్ష ఎందుకు?

నెలలు నిండని బిడ్డకు రెటీనా నాళాలు అంచుదాకా పెరిగి ఉండవు. బయటికొచ్చాక అవి దారి తప్పి పెరిగితే అది ఆర్‌ఓపీ. పుట్టిన నాలుగు వారాల ప్రాంతంలో మొదటి పరీక్ష జరగాలి. మరీ ముందుగా పుట్టిన పిల్లలకు తేదీ వేరుగా లెక్కేస్తారు, ఎప్పుడన్నది పిల్లల డాక్టరు చెబుతారు. చికిత్స అవసరమని తేలితే రెండు మూడు రోజుల్లో చేయాలి, ఇంటికి వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడి వస్తామనేంత సమయం ఉండదు. లేజర్ చేయవచ్చు, ఇంజక్షన్ వేయవచ్చు. ఇంజక్షన్ వేసిన కంట్లో జబ్బు ఆలస్యంగా తిరగబెట్టవచ్చు కాబట్టి నెలల తరబడి వెంట తిరగాలి. బిడ్డ ఇంకా ఐసీయూలో ఉన్నా, ఇంటికి వచ్చేసినా పరీక్ష తేదీ మారదు.

ఇంజక్షన్ తర్వాత ఏది మామూలు, ఏది ప్రమాదం?

తెల్లగుడ్డు మీద ఎర్రటి రక్తపు మరక మామూలే, చూడటానికి భయంగా ఉన్నా వారం పది రోజుల్లో పోతుంది. మొదటిరోజు ఇసుక పడ్డట్టు మంట మామూలే. చూపులో గుండ్రటి చిన్న బుడగలు ఒకటి రెండు తేలడం కూడా మామూలే.

ప్రమాదం ఎలా ఉంటుందంటే, తగ్గాల్సిన నొప్పి రెండో రోజు, మూడో రోజు పెరుగుతుంది. కన్ను ఎర్రబడుతుంది, వెలుతురు చూడలేరు, చూపు నిన్నటికంటే తగ్గుతుంది. ఇది కంటి లోపలి ఇన్ఫెక్షన్ కావచ్చు. కొన్ని వేల ఇంజక్షన్లకు ఒకసారి వస్తుంది, వస్తే మాత్రం గంటల లెక్కన చూపు పోతుంది. అర్ధరాత్రయినా, సెలవురోజైనా వెళ్లాల్సిందే. కొత్తగా మెరుపులు, నల్లటి తెర పక్కనుంచి కమ్ముకోవడం కనిపిస్తే రెటీనా చిరిగిందేమో చూపించుకోవాలి. ఇంటికి వెళ్లేముందే అత్యవసర నంబరు ఫోనులో వేసుకోండి.

ఈమధ్యే పక్షవాతం వచ్చింది. వేయించుకోవచ్చా?

మందులో కొంచెం రక్తంలోకీ వెళ్తుంది. ఈమధ్య గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు మంచీ చెడూ బేరీజు వేసి, ఒక్కోసారి కొన్నాళ్లు ఆగుతారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు తప్పకుండా ముందే చెప్పాలి. వాళ్లకు వీలైతే లేజర్ వైపే మొగ్గుతారు.

షుగరు కంట్రోల్ చేసుకుంటే ఇవన్నీ పోతాయా?

పుట్టేసిన నాళాలు పోవు. కొత్తవి పుట్టడం నెమ్మదిస్తుంది. బీపీ, కొలెస్ట్రాల్, కిడ్నీలు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. ఒక హెచ్చరిక: ఏళ్ల తరబడి బాగా ఎక్కువున్న షుగరును ఒక్కసారిగా దించితే కొన్ని నెలలు రెటీనా ఇంకా దిగజారినట్టు కనిపించవచ్చు. ఆ భయంతో షుగరు తగ్గించడం మానొద్దు, ఆ నెలల్లో రెటీనా పరీక్ష మాత్రం దగ్గర దగ్గరగా చేయించుకోండి.

చుక్కలతో, మాత్రలతో తగ్గదా? విటమిన్లు వాడమంటున్నారు.

రెటీనాలో కొత్త నాళాలను ఎండగట్టే చుక్కల మందు ఇప్పటికి లేదు. విటమిన్ల సంగతికొస్తే, 2013లో ఫలితాలిచ్చిన ఏరెడ్స్-2 అనే అధ్యయనం ఫార్ములాలో విటమిన్ సి, ఇ, జింక్, రాగి, లూటీన్, జియాజాంథిన్ ఉంటాయి. మధ్యస్థాయి ఏఎండీ ఉన్నవాళ్లలో జబ్బు ముదిరే ముప్పును ఇలాంటి ఫార్ములా పావువంతు తగ్గిస్తుంది. ఏఎండీ లేనివాళ్లకు ప్రయోజనం లేదు, షుగరు రెటీనాకు కూడా లేదు. బీటా కెరోటిన్ ఉన్న పాత ఫార్ములా పొగతాగేవాళ్లు వాడకూడదు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఏఎండీ విషయంలో మీ చేతిలో ఉన్న అతి పెద్ద మందు సిగరెట్ మానేయడం.

నాన్నకు లేని మనుషులు కనిపిస్తున్నారట. మతి చలించిందేమోనని భయంగా ఉంది.

చూపు బాగా తగ్గినవాళ్లలో మెదడు ఆ ఖాళీని తనే బొమ్మలతో నింపుతుంది. ముఖాలు, పూల డిజైన్లు, చిన్న చిన్న మనుషులు. దీన్ని చార్లెస్ బోనె సిండ్రోమ్ అంటారు, 1760లోనే రాసిపెట్టారు. అవి నిజం కావని నాన్నగారికి తెలిసి, మాటలు వినిపించకుండా బొమ్మలే కనిపిస్తుంటే చాలావరకు ఇదే. అయినా ఒకసారి డాక్టరుకు చెప్పండి. పిచ్చి అనుకుంటారని నెలల తరబడి దాచుకునేవాళ్లు చాలామంది. ఇంట్లో వెలుతురు పెంచడం, కళ్లు అటూ ఇటూ గబగబా తిప్పడం కొందరికి సాయపడుతుంది.

ఇన్నిసార్లు తిరగకుండా కొత్త మార్గమేమైనా వస్తోందా?

వస్తోంది. అఫ్లిబెర్సెప్ట్ ఎక్కువ మోతాదు, 8 మిల్లీగ్రాములది, 2023లో వచ్చింది. దానితో, ఫారిసిమాబ్‌తో చాలామందికి గడువు మూడు నాలుగు నెలలదాకా పెరుగుతోంది. రానిబిజుమాబ్ నింపిన చిన్న పరికరాన్ని తెల్లగుడ్డులో అమర్చి, ఆరు నెలలకోసారి నింపే పద్ధతికి 2021లో అనుమతి వచ్చింది. సీలు లోపం వల్ల 2022లో వెనక్కి తీసుకుని, 2024లో మళ్లీ తెచ్చారు. దాంతో ఇన్ఫెక్షన్ ముప్పు ఇంజక్షన్ల కంటే ఎక్కువ. కంటి కణాలే మందు తయారుచేసుకునేలా చేసే జన్యుచికిత్స ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది. దానికోసం ఇప్పటి ఇంజక్షన్ ఆపుకుని కూర్చోవద్దు.

ఇంజక్షన్ తేదీ దాటి రెండు నెలలైంది. ఇప్పుడు వెళ్తే తిడతారేమో.

తిట్టినా వెళ్లండి. వారం దాటితే సర్దుకోవచ్చు, నెలలు దాటినప్పుడు మాత్రం పాత గడువు లెక్క చెల్లదు. కొత్తగా ఓసీటీ తీసి, నీరుంటే మళ్లీ నెలనెలా మొదలుపెడతారు. ఫోన్ చేసినప్పుడు "చెకప్‌కు రావాలి" అనకుండా "ఇంజక్షన్ తప్పిపోయింది, ఫలానా కన్ను, ఆఖరిసారి ఫలానా తేదీన" అని చెప్పండి, త్వరగా తేదీ దొరుకుతుంది. పాత స్కాన్లు, ఏ మందు ఎన్నిసార్లు పడిందో రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి. కంటిపాప పెద్దది చేస్తారు కాబట్టి ఆరోజు బండి మీరు నడపొద్దు.